మాటది ఏ ఊరని అడిగే పంతులుగారు

మా హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన పంతులుగారు పోయారని నిన్న ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు చెప్పాడు. అందరం రెండు నిమిషాలు నిలబడ్డాం. తర్వాత సంతాప తీర్మానం చదివారు. పంతులుగారు మృదుభాషి అనీ, సౌమ్యులనీ, సహనశీలి అనీ, అజాతశత్రువనీ అందులో ఉంది. రాసింది కిందటేడు వచ్చిన డ్రిల్లు మాస్టరు. ఆయన పంతులుగారిని ఒక్కసారి కూడా చూడలేదు. చూసినవాళ్ళం నలుగురం నోరు మూసుకుని నిలబడ్డాం.

మృదుభాషి అట! ఆయన ఎనిమిదో తరగతిలో పద్యం చదివితే ఆఫీసు గదిలో గుమాస్తా కలం ఆపేవాడు. ఇక అజాతశత్రువు అన్న మాట ఆయన చెవిన పడితే పాడె మీదినుంచి లేచి కూర్చుని, "ఎవరు నాయనా రాసింది? ముప్ఫై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న శత్రువుల్ని ఒక్క మాటతో ఊడ్చేశావే!" అని ఉండేవారు.

సన్నగా, పొడుగ్గా, మూసిన గొడుగులా ఉండేవారు. చేతిలో గొడుగూ ఉండేది. గురజాల ఎండలో కూడా దాన్ని తెరవగా నేను చూడలేదు. అడిగితే, "తెరిస్తే అవతలివాళ్ళ మాటలు సరిగ్గా వినపడవమ్మా" అన్నారు. సంతరోజున బడి వదలగానే పోయి మిరపకాయల బస్తాల పక్కన నిలబడేవారు. ఏమీ కొనేవారు కాదు. ఎవరు ఎవర్ని ఏమంటున్నారో గంటసేపు విని ఇంటికి పోయేవారు. మొదట్లో బస్తాలవాళ్ళు ఆయన్ని సేల్సుటాక్సు మనిషి అనుకుని మజ్జిగ ఇచ్చేవాళ్ళట. కాదని తెలిశాక మజ్జిగ మానేశారు.

ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఎవరు ఏ మాట వాడినా, "ఈ మాటది ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని అడిగేవారు. "గుమ్మంలోకి కొత్త మనిషొస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడక్కుండా మంచినీళ్ళు కూడా ఇవ్వం గదా. మాటను మాత్రం అడక్కుండానే ఇంట్లోకి తెచ్చి మంచం వేస్తాం" అనేవారు. ఈ జబ్బు పిల్లలకు అంటించారు. ఒక వారం, ఇంటిదగ్గర అమ్మ తిట్టిన తిట్టు ఒక్కొక్కటి రాసుకురమ్మన్నారు. నలభై నోటుబుక్కులు స్టాఫ్ రూములోకి వచ్చాయి. వాటిని చదివిన హెడ్మాస్టరు రెండురోజులు సెలవు పెట్టాడు.

ఆ తర్వాతనే ఇన్‌స్పెక్షను వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఎనిమిదో తరగతికి వెళ్ళి తల్లికి పర్యాయపదాలు చెప్పమన్నాడు. పక్క తరగతిలో లెక్కలు చెబుతున్న నాకు అంతా వినిపిస్తూనే ఉంది. ఒక పిల్ల లేచి జనని, మాత, తల్లి, అమ్మ అని గడగడా చెప్పింది.

"శభాష్. అన్నిటికీ అర్థం ఒకటేనా?"

"కాదండీ. జనని రీడర్లోనే ఉంటది. మాత కథోలిక వాళ్ళ గుళ్ళో ఉంటది. తల్లి పొలిమేరలో ఉంటదండీ, ఏడాదికోసారి జాతర జేస్తారు."

"మరి అమ్మ?"

"మిరపసేలో ఉందండీ. కోతలు గదా."

పండితుడు పిల్లలకు పర్యాయపదాలు నేర్పలేదని ఇన్‌స్పెక్టరు రిమార్కు రాశాడు. పంతులుగారు దాన్ని రెండుసార్లు చదివి, కింద "నిజమే, లేవు కనుక" అని రాసి సంతకం పెట్టారు. అందుకు సంజాయిషీ అడిగారు. పర్యాయపదాలంటూ లోకంలో ఏవీ లేవనీ, పరీక్షలో అడుగుతారు కనుకనే ఉన్నాయనీ సంజాయిషీ ఇచ్చారు. దానికి మళ్ళీ సంజాయిషీ అడిగారు.

ఇదంతా చూసి నవ్వుకున్నదాన్నే నేను. నా వంతు వచ్చాక తెలిసింది.

మా ఊరు పిడుగురాళ్ళకు కూతవేటు దూరం. మా అమ్మ అక్కడ సున్నపు బట్టీల్లో పనిచేసేది. దగ్గు పట్టుకుని మూడు నెలలు తీసుకుని పోయింది. అమ్మకు ఫొటో లేదు. ఒకసారి ఊళ్ళోకి ఫొటోలు తీసేవాడు వస్తే, "నా మొగం మీకు రోజూ కనపడట్లా? మళ్ళీ కాయితం మీద ఎందుకు?" అని వాణ్ణి పంపించేసింది. పోయాక గాని మాకు ఆ సంగతి తట్టలేదు. అన్నయ్య కూతురు అప్పటికి నెలల పిల్ల. రేపు దానికి నాయనమ్మను ఏం పెట్టి చూపించాలి?

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన ఏడాదికి సమాధి దగ్గర ప్రార్థన పెట్టి రాయి నిలబెడతారు. రాతి మీద రాసే మాటలు ముందుగా అందరి ఎదుటా పైకి చదవాలి. ఎవరూ కాదనకపోతేనే మేస్త్రి అక్కడే కూర్చుని చెక్కుతాడు. చెక్కాక మార్చడానికి ఉండదు గదా, అందుకు. చదువుకున్నదాన్నని నాలుగు పాదాలు రాసే పని నాకు పెట్టారు. నేను రాసింది ఇది:

కరుణామయి మా జనని, కోమలమ్ము లామె కరములు,
భూదేవి వంటి ఓర్పు, పువ్వు వంటి మనసు,
కష్టాల కడలి నీది మమ్ము దరి జేర్చి
ప్రభు సన్నిధి కేగె ప్రశాంతమూర్తి.

రాసి నేనే ఏడ్చాను. అంత బాగుందనుకున్నాను. తప్పులుంటే దిద్దమని పంతులుగారికి ఇచ్చాను. ఆయన దిద్దరు, ఎర్రసిరాతో మాట నెత్తిన చుక్క పెడతారు. మర్నాడు కాయితం తిరిగొచ్చింది. 'మమ్ము' అన్న ఒక్కదాని మీద తప్ప అన్నిటి మీదా చుక్కలున్నాయి. 'ఓర్పు' మీద రెండున్నాయి.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మొదటి చుక్క దగ్గర వేలు పెట్టారు.

"ఈ కరుణామయి ఎవరమ్మా?"

"మా అమ్మండీ."

"నీ మీద కరుణ చూపించేవారా?"

నేను ఆలోచించాను. "తీరిక ఉండేది కాదండీ. పొద్దున్నే లేపి, జడేసి, నెత్తిన ఒకటి మొట్టి బడికి తోలేది."

"బట్టీలో ఏం చేసేవారు?"

"కాలిన సున్నం గంపలకెత్తేదండీ."

"కోమలంగానా?"

ఆయన వేలు రెండో పాదం మీదికి వచ్చింది.

"భూదేవి మీ చర్చికి వస్తుందా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా అమ్మ పోయిందండీ. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయకూడదా?" అని గట్టిగానే అన్నాను.

"రాయకేం? ఇవి మంచి మాటలే. ఎవరి అమ్మకైనా సరిపోతాయి. మా అమ్మకి పెట్టు, సరిపోతాయి. హెడ్మాస్టరుగారి అమ్మకి పెట్టు, సరిపోతాయి. ఇంక మీ అమ్మగారు వచ్చి కూర్చోడానికి ఇందులో చోటేదమ్మా?"

లోపల్నుంచి ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. నా మొహం చూసి, "ఈయన మాటలకేం గానీ అమ్మాయ్, ఈయన పెళ్ళయిన కొత్తల్లో మా అత్తగారి మీద నూటెనిమిది పద్యాలు రాశారు, తెలుసా?" అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకూ?" అన్నారు పంతులుగారు.

"ఎందుకేమిటి, చెప్పాలి. అచ్చేయించి, అత్తగారిని పీట మీద కూర్చోబెట్టి, నూటెనిమిదీ రాగం తీసి చదివారు. పాపం ఆవిడకి చదువు రాదు. చేతులు జోడించుకుని రెండు గంటలు విని, ఆఖర్న, 'చాలా బాగుందిరా నాయనా, ఎవరా తల్లి? ఏ ఊరు ఆవిడది?' అని అడిగింది."

నేను పంతులుగారి వైపు చూశాను. ఆయన వీధిలో పోతున్న గేదెను చూస్తున్నారు.

"ఆ పుస్తకాలు అటక మీద ఇంకా ఉన్నాయి. వానాకాలం పొయ్యి రాజుకోకపోతే ఒకటి దించుతుంటాను" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

గేదె సందు తిరిగాక ఆయనే అన్నారు. "అన్నీ నిఘంటువులో ఉన్న మాటలేనమ్మా. ఒక్కటీ తప్పు లేదు." గొంతు ఎప్పటిలాగే ఉంది. కాని ఆ సాయంత్రం నాకాయన మీద కోపం పోయింది.

"ఓర్పుకు రెండు చుక్కలెందుకండీ?" అని అడిగాను.

"ఒకటి, ఏ ఊరని అడగడానికి. రెండోది, ఎవరు పంపించారని అడగడానికి."

"మా అన్నయ్య పెట్టమన్నాడండీ. అదొక్కటీ తప్పకుండా ఉండాలన్నాడు."

"అనుకున్నాను. ఓర్చుకోలేక చస్తున్నానని ఏడ్చిన ఆడవాళ్ళను సంతలో చాలామందిని విన్నానమ్మా. నాకు చాలా ఓర్పుంది అని మురిసిపోయినావిణ్ణి ఇంతవరకూ వినలేదు. ఆ మాట మెచ్చుకోలుగా వాడేది పక్కవాళ్ళు. ఓర్చుకోవాల్సిన పని కల్పించినవాళ్ళు ఇంకాస్త ఎక్కువగా వాడతారు."

అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని సంగతి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న తాగేవాడు. ఒక ఆదివారం పొద్దున గుడికి బయల్దేరుతుంటే ఏదో మాటకు అమ్మ మీద చెయ్యెత్తాడు. అమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. బట్టీ గంపలెత్తిన పట్టు, ఇక వదల్లేదు. అట్లాగే వీధిలోకి లాక్కొచ్చింది. గుడికి పోయేవాళ్ళందరినీ నిలబెట్టి, "ఇదిగో, సూడండి. ఇదీ ఆ చెయ్యి. పొద్దున నేను పెట్టిన అన్నం తిన్న చెయ్యి" అని ఒక్కొక్కరి ముందూ ఎత్తి చూపించింది. నాన్న మళ్ళీ చెయ్యెత్తలేదు. కొన్నాళ్ళకు తాగుడూ మానేశాడు. ఇంకోసారి, మా ఊరి బడిలో అయ్యవారు నాకు పాఠం చెప్పకుండా రోజూ వరండా ఊడిపిస్తుంటే, అమ్మ వచ్చి ఆ చీపురు అయ్యవారి చేతికిచ్చి పోయింది. మర్నాటినుంచి నాకు ఎక్కాలు వచ్చాయి. ఆ ఎక్కాలతోనే నేను టీచర్నయ్యాను.

పంతులుగారు అంతా విని, "మీ నాన్నగారు ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగారు.

"సంఘ పెద్దండీ. ఆదివారం వాక్యం చదువుతాడు."

"ఓర్పు అని రాస్తే మీ నాన్నగారు ఒడ్డున పడతారు. రాయకపోతే మీ అమ్మగారు నిలబడతారు. రాయి ఒక్కటే గదమ్మా" అన్నారు.

ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. తర్వాత కూడా నెలరోజుల పాటు కాయితం అటూ ఇటూ తిరిగింది, ఒక్క మాటైనా ఆయన తనది పెట్టలేదు. చుక్కలే తగ్గుతూ వచ్చాయి. చివరిసారి కాయితం ఒక్క చుక్క కూడా లేకుండా తిరిగొచ్చింది.

ఆ కాయితం చూసి అన్నయ్య మండిపడ్డాడు. వాడు నరసరావుపేటలో తాలూకాఫీసు గుమాస్తా, పరువుగా బతికేవాడు. "ఇదేందే? రాతి మీద రాసే మాటలా ఇయ్యి? నాన్న సంఘ పెద్ద. చెయ్యెత్తాడంటే ఎవుడి చెయ్యో ఊళ్ళో తెలీనోడు ఉన్నాడా? పోయినామె ఎట్టాగూ పోయింది. బతికున్నోణ్ణి సంపుతావా?" అన్నాడు. వాడన్నదీ అబద్ధం కాదు. అన్ని పోట్లాటల్లో నేనే గెలవాలనుకునే మనిషిని, ఆ రోజు మాత్రం ఏడుస్తూ గురజాల రైలెక్కాను.

ఏడాది ప్రార్థనకు పంతులుగారు తానూ వస్తానన్నారు. బయల్దేరేముందు, సమాధుల దొడ్డికి వచ్చాక మీవాళ్ళు స్నానం చేయాలి గదా, మా ఇంట్లో కుదరదేమో అని నేను నసిగితే, "తెలుసు. పొద్దున రెండో స్నానం కూడా చేసే వచ్చాను" అన్నారు. బండిలో ఎదురు బల్ల మీద కూర్చుని పిడుగురాళ్ళ దాకా పక్కవాళ్ళ మాటలు విన్నారు.

మేం వెళ్ళేసరికి నాపరాయి నిలబెట్టి ఉంది. మేస్త్రి దాని మీద జాజుతో ఎర్రగా అక్షరాలు గీసేసి, చెక్కడానికి ఉలి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అన్నయ్య నా పాత పద్యమే వాడికిచ్చాడు. ఓర్పు అన్న మాట రాయి మధ్యలో పెద్దగా కనిపిస్తోంది.

పాట అయింది, ప్రార్థన అయింది. పాస్టరుగారు, "రాతి మీది మాటలు చదవమ్మా" అన్నారు. నేను లేచాను. రాయి ఎదురుగా ఉంది, సంచిలో నా కాయితం ఉంది. అన్నయ్య కళ్ళతోనే బతిమాలుతున్నాడు. నాన్న ముందు వరసలో నేల మీద కూర్చుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, చేతులు దాని మీద పెట్టుకున్నాడు. ముసలివాడైపోయాడు. ఆ చేతులు చూస్తే జాలేసింది. రాయి మీదున్నది చదివేస్తే అయిపోయేది. చదివేద్దామనే నోరు తెరిచాను. కరుణామయి అన్న మాట దగ్గర నాకు ఎవరూ కనపడలేదు. ఎంత వెతికినా అమ్మ మొహం రాలేదు. భయమేసి కాయితం తీశాను.

సున్నానికి పొక్కిన చేతులు మా అమ్మవి.
ఆ చేతులతోనే మాకు అన్నం కలిపింది.
ఎవరు చెయ్యెత్తినా ఓర్చుకోలేదు, మమ్మల్ని ఓర్చుకోనివ్వలేదు.
ప్రభువు పిలిచిన పొద్దున అందరికంటే ముందు లేస్తుంది.

మేస్త్రి రాయినీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇదొకటీ అదొకటీ ఉందే, ఏది సెక్కాల?" అని అడిగాడు. అన్నయ్య లేచి రాయి చూపించబోయాడు.

"ఆగరా" అన్నాడు నాన్న. నా వైపు తిరిగి, "ఆ మూడోది మళ్ళీ సదువమ్మా" అన్నాడు.

మళ్ళీ చదివాను. నాన్న లేచి నిలబడ్డానికి చాలాసేపు పట్టింది. పాస్టరుగారు చెయ్యి అందించబోతే వద్దన్నాడు. రాయి దగ్గరకు నడిచి, జాజు అక్షరాల మీద అరచెయ్యి పెట్టి మొత్తం తుడిచేశాడు. చెయ్యంతా ఎర్రబడింది.

"అమ్మాయి సదివిందే సెక్కు" అని మేస్త్రితో అన్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు. "ఓర్చుకుందని సెక్కితే, ఎవుణ్ణి ఓర్చుకుందో ఆడి పేరు గూడా పక్కన సెక్కాల. ఓర్చుకోలేదు గాబట్టే నేనియ్యాల మీ మద్దెన కూకోని ఉన్నా."

వెళ్ళి మళ్ళీ అదే చోట కూర్చున్నాడు. మా పెద్దమ్మ గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. అన్నయ్య తలొంచుకుని నీళ్ళ కుండ తెచ్చి నాన్న చెయ్యి కడిగాడు. మేస్త్రి ఉలి అందుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మాచర్ల బండి ఖాళీగా ఉంది. నడికుడి దాటాం. నాకు ఉండబట్టలేదు. నెలరోజులు చుక్కలు పెట్టిన మనిషి, ఒక్కసారైనా బాగుందని అనడేం?

"పద్యం ఎలా ఉందండీ?" అని అడిగేశాను.

"పద్యం సంగతి నేను గమనించలేదమ్మా" అన్నారు ఆయన. "మీ అమ్మగారిని చూస్తూ ఉండిపోయాను."